ప్రారంభోత్సవం కాని గాలి

చిలకలగూడలో మెహనాజ్ నడిపే కుట్టు కేంద్రానికి ఏప్రిల్ మొదట్లో పది ఫ్యాన్లు వచ్చాయి. మే నెల మొదలైనా వాటిలో ఒక్కటి కూడా తిరగలేదు. ఫ్యాన్లలో లోపం లేదు. కరెంటులోనూ లోపం లేదు. వాటికి ప్రారంభోత్సవం కాలేదు, అంతే.

ఫ్యాన్లు ఇచ్చినవాడు విజయేందర్. చర్లపల్లిలో వింజామర ఫ్యాన్ల ఫ్యాక్టరీ ఆయనదే. 'మూడు రెక్కలు' అని ఒక పుస్తకం కూడా రాశాడు. అంటే, ఆయన కారు వెనక సీట్లో కూర్చుని చెబుతుంటే ముందు సీట్లో కూర్చున్న పీఏ సత్యదేవ్ రాసుకున్నాడు. జీవితం మూడు రెక్కల ఫ్యాను వంటిదని ఆ పుస్తకం చెబుతుంది. మొదటి రెక్క విజయం, రెండోది నాయకత్వం, మూడోది దానం. నాలుగు రెక్కల ఫ్యాన్లు చేసే పోటీ కంపెనీ గురించి అందులో ఏమీ లేదు.

గుడికి ట్యూబులైటు ఇచ్చినవాళ్లు దాని మీద పేరు రాయించుకోవడం అందరూ చూసిందే. విజయేందర్ అంతటితో ఆగలేదు. దానంగా ఇచ్చే ప్రతి ఫ్యాను రెక్కల మీదా ఒక్కో మాట వేయిస్తాడు: విజయం, నాయకత్వం, దానం. ప్రతి మాట కింద ఆయన పేరుంటుంది. పది ఫ్యాన్లంటే ముప్పై పేర్లు. చిక్కల్లా ఒక్కటే. ఫ్యాను తిరిగితే పేరు కనిపించదు.

"అందుకే ముందు ఫోటో మేడం," అని సత్యదేవ్ మెహనాజ్‌కు మొదటి రోజే విడమరిచి చెప్పాడు. "సార్ రిబ్బన్ కట్ చేస్తరు. ఫ్యాన్ కింద నిలబడతరు. పైన పేరు, కింద సార్. ఆ ఫోటో సార్ ట్రస్టు రికార్డుల ఎక్కాలె. అది ఎక్కితేనే ఇచ్చినట్టు లెక్క."

"ఎక్కకుంటే?"

"ఇచ్చినట్టు కాదు. ఇయ్యకుంటే ఫ్యాన్లు మావే గద. విప్పుకొని పోతం."

"ఫంక్షన్ ఎప్పుడు సార్?"

"సార్ డేట్ చూడాలె."

ఆ డేటు మూడుసార్లు మారింది. ఒకసారి పెళ్లి అడ్డొచ్చింది. ఇంకోసారి ఎవరో కాలేజీ వాళ్లు స్ఫూర్తి ప్రసంగానికి పిలిచారు. మూడోసారి వినయానికి ఇచ్చే అవార్డు ఏదో అందుకోవడానికి ఆయన బెంగళూరు వెళ్లాడు.

మెహనాజ్‌కు తొందర ఉంది. కేంద్రం ఉన్నది పాత గోడౌన్‌లో. పైన రేకులు. మల్కాజ్‌గిరిలో ఒక బడికి ఏటా యూనిఫాంలు కుట్టేది వీళ్లే. తెల్ల చొక్కాలు, నీలం గౌన్లు. రేకుల కింద మధ్యాహ్నం అయ్యేసరికి చేతుల మీది చెమట తెల్లబట్ట మీద పడుతుంది. మిషన్ నూనెతో కలిస్తే ఆ మరక పోదు. అందుకని ఎండాకాలంలో పన్నెండింటికల్లా తెల్లబట్ట పక్కన పెట్టేయాలి. కిందటేడు అలా పక్కన పెట్టీ పెట్టీ యూనిఫాంలు ఆలస్యంగా ఇచ్చారు. బడి హెడ్‌మిస్ట్రెస్ మేబెల్ ఏమీ తిట్టలేదు. "ఈసారి బడి తెరిచే లోపల రాకపోతే మా కమిటీ రెడీమేడ్ కంపెనీకి ఇచ్చేస్తుందమ్మా, నేను ఆపలేను," అని మాత్రం అంది. ఆ ఒక్క ఆర్డరు మీదే కేంద్రం ఏడాదంతా నడుస్తుంది. అది పోతే గోడౌన్ ఖాళీ చేయాల్సిందే.

ఆ ఫ్యాన్ల కోసం ట్రస్టుకు అర్జీ పెట్టింది మెహనాజే. ఇప్పుడవి నెత్తి మీద ఉన్నాయి. కింద ఆడవాళ్లు కొంగులతో విసురుకుంటున్నారు.

అన్నాలు తిన్నాక వాళ్లు గచ్చు మీద నడుం వాల్చేవాళ్లు. పడుకుంటే చూడటానికి రెక్కలే ఉండేవి.

"నా మీద దానం ఉంది," అనేది చాంద్‌బీ. అందరిలో పెద్దది, కాజాలు కుడుతుంది. "నెల నుంచి గట్లనే ఉంది. మీద పడతలేదు."

"నా నెత్తి మీద నాయకత్వం," అంది మార్త. "ఇది సుత కదలది. మా వార్డు లీడర్ లెక్క."

"విజయం ఎవరి మీదుందే?"

"విమలమ్మ మీద. ఆమె లేచి ఇంటికి వోయింది. వడదెబ్బ."

మార్త కటింగ్ చేస్తుంది. ఆమె కత్తెర ఎంత సూటిగా పోతుందో నోరూ అంతే. మే రెండో వారంలో ఒక మధ్యాహ్నం ఆమె ఎవరినీ అడగకుండా లేచి, బట్ట కొలిచే గజం బద్దతో స్విచ్ నొక్కింది. మెహనాజ్ చూసి కూడా ఊరుకుంది. ఆ రోజు సాయంత్రం దాకా తెల్లబట్ట మిషన్ మీది నుంచి దిగలేదు. మర్నాడూ అంతే. మూడోనాడు సత్యదేవ్ వచ్చాడు.

అతను గుమ్మంలో ఆగి పైకి చూశాడు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. అతని ముఖం చూస్తే, తాళం వేసిన ఇంట్లో ఎవరో స్నానం చేస్తుంటే చూసినట్టు ఉంది.

"ఏందిది మేడం?"

"గాలి సార్," అంది మార్త.

"నేను మేడంని అడుగుతున్న."

"ఉడుకు జాస్తి ఉంది సార్," అంది మెహనాజ్. "తెల్లబట్ట ఖరాబైతుంది. ఫంక్షన్ నాడు ఆపుతం. ఎవరికీ తెల్వది."

"నాకు తెలుస్తది కద. రేపు సార్ నన్ను అడుగుతరు, సత్యదేవ్, నేనే మొదలు స్విచ్ వేసిన్నా అని. నేనేం చెప్పాలె? సార్ దగ్గర నేను అబద్ధం ఆడను."

ఫ్యాన్లకు విడిగా లైను వేశారు. అతను మీటర్ దగ్గరికి వెళ్లి ఆ లైను ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు.

"ఇంకోసారి తిరిగినట్టు తెలిసిందనుకో మేడం, లారీ పంపిస్త. క్యూల ఇంకో నలభై సంఘాలున్నయి."

అతను వెళ్లాక మార్త గజం బద్ద మూలన పడేసింది. తర్వాత అంది: "గాలి సుత జేబుల పెట్టుకొని పోయిండు."

ఆ రాత్రి తమ్ముడు అన్వర్‌కు ఈ సంగతి చెప్పింది మెహనాజ్. అతను కరెంటు పని చేస్తాడు. విని నవ్వాడు. పొద్దున పనికి పోతూ కొత్త ఫ్యూజు ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"పెట్టుకో ఆపా. చిటికెల పని. దీనికి ఎవరి ఇజాజత్ కావాలె?"

"లారీ వస్తది, అన్వర్."

"వస్తే రానీ."

"వస్తే ఫ్యాన్లు పోతయ్. ఇప్పుడు తిరుగుతలేవు, కని ఉన్నయ్ గద. ఏదో ఒక రోజు ఆయన వస్తడు."

ఆమె ఆ ఫ్యూజును గుండీల డబ్బాలో వేసి మూత పెట్టింది. ఆ తర్వాత గుండీల కోసం మూత తీసినప్పుడల్లా అది కనిపించేది. మూత పెట్టేసేది. పన్నెండింటికి తెల్లబట్ట పక్కన పెట్టేవాళ్లు. పొద్దున్నే ఆరింటికి వచ్చి కుట్టారు. అయినా మే ఆఖరు వారానికి సగం చొక్కాలు మిగిలి ఉన్నాయి.

అప్పుడు డేటు దొరికింది.

పదకొండు గంటలకు ఫంక్షన్ అన్నారు. విజయేందర్ ఒంటిగంట దాటాక వచ్చాడు. అప్పటికి రేకులు పెనంలా కాలుతున్నాయి. మిషన్లన్నీ గోడకు జరిపి, చిన్న వేదిక కట్టి, కుర్చీలు వేశారు. గోడకు పరదా కప్పిన శిలాఫలకం. ఆడవాళ్లందరికీ తలా ఒక 'మూడు రెక్కలు' పంచారు. అది మందంగా ఉంది, అట్ట గట్టిది. అందరూ దానితో విసురుకోవడం మొదలుపెట్టారు.

విజయేందర్ కోటు వేసుకుని వచ్చాడు. ఫోటోలకు కోటు ఉండాలని సత్యదేవ్ చెప్పాడు. రిబ్బన్ కత్తిరించి, పరదా లాగి, కుర్చీలో కూర్చున్నాడు. ఫోటో తీయబోతుంటే సత్యదేవ్ ఆపాడు.

"టీవీ వాళ్లు ఆలుగడ్డబావి దగ్గర ట్రాఫిక్‌ల ఇరుక్కున్నరు సార్. వాళ్లొస్తే ఒకేసారి. మీరు స్పీచ్ షురూ చేయండి, నేను తోల్కొస్త."

అతను బయటికి నడిచాడు. ఫ్యూజు అతని జేబులోనే ఉంది.

విజయేందర్ మైకు అందుకున్నాడు. మెహనాజ్‌ను వేదిక మీద, ఆయన పక్కనే కూర్చోబెట్టారు. ఆమె ఎదురుగా మొదటి వరసలో మార్త ఉంది.

"అమ్మలారా," అని ఆయన మొదలుపెట్టాడు. "నేను ఒకప్పుడు సైకిల్ మీద తిరిగి ఫ్యాన్లు అమ్మిన."

"మొన్న టీవీల స్కూటర్ అన్నడు," అంది మార్త, చాంద్‌బీ వైపు వంగి.

"వచ్చే ఏడు నడుచుకుంట అమ్ముతడు," అంది చాంద్‌బీ.

విజయం అంటే ఏమిటో ఆయన చెప్పాడు. విజయం అడిగితే రాదు, అది గాలి వంటిది, మనం కదిలితేనే పుడుతుంది అన్నాడు. ఎదురుగా పుస్తకాలు ఊగుతున్నాయి. ఆయన వాటిని చూసి సంతోషించాడు.

"చూడండి, పుస్తకం చేతుల నుంచి దించుతలేరు," అని వీడియో తీసేవాడికి చూపించాడు.

తర్వాత నాయకత్వం. ఆయన రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. "నాయకుడు గదిల ఉన్నప్పుడు అందరు మాట వింటరు. అది పెద్ద గొప్ప కాదు. ఆయన లేనప్పుడు సుత ఆయన మాట నడవాలె. మా సత్యదేవ్ ఉన్నడు. ఒక్కసారి చెప్పిన్నంటే ఇంక ప్రాణం పోయినా దాటడు. నేను మైకు పట్టుకున్నన్నంటే నా మనుషుల ఫోన్లు ఒక్కటి మోగది. అది డిసిప్లిన్."

రుమాలు తడిసిపోయింది. దాన్ని జేబులో పెట్టుకుని అరచేత్తో నుదురు తుడుచుకున్నాడు. మూడో రెక్క దగ్గరికి వచ్చేసరికి ఆయన మాటల మధ్య దూరం పెరిగింది.

"దానం," అన్నాడు. నీళ్లు తాగాడు. "దానం అంటే..." కోటు గుండీ ఒకటి విప్పాడు. "ఇచ్చేటప్పుడు..."

ఆయన కుర్చీ కోసం వెనక్కి తడుముకున్నాడు. మెహనాజ్ కుర్చీ జరిపి పట్టుకుంది. ఆయన అందులో కూలబడ్డాడు. ముఖం చెమటతో నిండిపోయింది.

"ఫ్యాన్," అన్నాడు.

డ్రైవర్ పరుగెత్తి స్విచ్‌లన్నీ నొక్కాడు. ఏదీ తిరగలేదు. మళ్లీ నొక్కాడు.

"కరెంట్ లేదా?"

"కరెంట్ ఉంది," అంది మార్త. "గాలే, మీ సత్యదేవ్ సార్ జేబుల ఉంది."

డ్రైవర్ సత్యదేవ్‌కు ఫోన్ చేశాడు. రింగు పోతూనే ఉంది, ఎత్తడం లేదు. సార్ మైకు ముందున్నంతసేపు సత్యదేవ్ ఫోన్ మూగనోము పట్టి ఉంటుంది. డిసిప్లిన్ అది. చాంద్‌బీ ఒకామెను నిమ్మకాయ నీళ్లకు పంపింది. మార్త వేదిక ఎక్కి తన 'మూడు రెక్కల'తో విజయేందర్‌కు విసరసాగింది. ఇంకో ఇద్దరు వచ్చి చెరో పక్కా విసిరారు. ఫోటోగ్రాఫర్ పైకీ కిందికీ చూసుకున్నాడు.

"సార్, పేర్లన్నీ మంచిగ ఫ్రేముల ఉన్నయ్. ఒక్క స్మైల్ సార్."

ఎవరూ అతని వైపు చూడలేదు.

మెహనాజ్ వేదిక దిగి గుండీల డబ్బా దగ్గరికి నడిచింది. మూత తీసి ఫ్యూజు చేతిలోకి తీసుకుంది. మీటర్ అక్కడికి నాలుగడుగులు. ఆమె అక్కడే నిలబడింది. ఫోటో ఇంకా కాలేదు. ఇప్పుడు ఫ్యాను తిరిగితే, రేపు ఈయన కోలుకున్నాక, సత్యదేవ్ లారీ తెస్తాడు. తేకపోయినా మళ్లీ ఫంక్షన్ అంటాడు, మళ్లీ డేటు అంటాడు, మళ్లీ ఫ్యూజు పీకుతాడు. సగం చొక్కాలు ఇంకా మూటల్లో ఉన్నాయి.

"ఏం జూస్తున్నవక్కా?" అని మార్త అక్కడి నుంచే అడిగింది. "మనిషి పోయేటట్టున్నడు."

"పోడు," అంది మెహనాజ్. వెనక్కి వచ్చి వేదిక ఎక్కింది. బల్ల మీది మైకు తీసి విజయేందర్ పక్కన వంగింది.

"సార్, ఫ్యూజు నా దగ్గర ఇంకోటుంది. కని ఫ్యాన్లు ఎయ్యొద్దని మీ ఆర్డర్."

"ఎయ్యండమ్మా."

"ఫోటో కాలేదు సార్. ఫోటో కాకుంటే ఇచ్చినట్టు కాదంట. వాపస్ తీస్కపోతరంట."

"ఎవరన్నరు? ఎయ్యండి."

"మాకు ఇచ్చినట్టేనా సార్?"

"ఇచ్చిన."

"వెనకోళ్లకు వినపడలే సార్. జెర మైకుల చెప్పండి."

ఆమె మైకు ఆయన నోటి దగ్గర పెట్టింది. వీడియో తీసేవాడు తన పని తాను చేసుకుపోతున్నాడు.

"ఇచ్చిన," అన్నాడు విజయేందర్. మాట రేకులకు తగిలి తిరిగొచ్చింది. "ఇచ్చేసిన. మీయే. ఎయ్యండి. ఇంక ఆపకండి."

దానం గురించి ఆయన ఆ రోజు చెప్పిన మాటల్లో అందరికీ అర్థమైనవి అవే.

మెహనాజ్ వెళ్లి ఫ్యూజు పెట్టింది. పది ఫ్యాన్లూ ఒక్కసారే కదిలాయి. రెక్కల మీద పేరుకున్న దుమ్మూ దారప్పోగులూ విజయేందర్ కోటు మీద, తల మీద రాలాయి. ఆయన తుడుచుకోలేదు. తల వెనక్కి వాల్చి నోరు తెరిచి కూర్చున్నాడు. పైన విజయమూ నాయకత్వమూ దానమూ కలిసి ఒక చక్రమయ్యాయి. అందులో ఏ పేరూ లేదు.

నిమ్మకాయ నీళ్లు రెండో గ్లాసు అవుతుండగా సత్యదేవ్ టీవీ వాళ్లతో లోపలికి వచ్చాడు. ముందుగా పైకి చూశాడు.

"ఎవరు వేసిన్రు? ఆపండి. ఫోటో కాలేదు." అతను స్విచ్‌బోర్డు మీద చెయ్యి వేశాడు.

"సత్యదేవ్," అన్నాడు విజయేందర్.

"సార్?"

"చెయ్యి తియ్యి."

"సార్, పేరు కనిపిస్తలేదు సార్."

"తియ్యమన్న."

టీవీ ఆయన మైకు చాపి, ఏం జరిగింది సార్ అని అడిగాడు. విజయేందర్ గ్లాసు కింద పెట్టాడు. కోటు మీది దారప్పోగులు తీసేసుకున్నాడు. కోటు గుండీ పెట్టుకున్నాడు. ఆయన గొంతు వెనక్కి వచ్చింది.

"మా వాళ్లు ఫోటో కోసం ఫ్యాన్ ఆపమన్నరు. నేను వద్దన్న. దాత పేరు కనిపించొద్దు, గాలి తగలాలె. ఇది నా సిద్ధాంతం. మొదటి నుంచి."

సత్యదేవ్ స్విచ్ మీది నుంచి చెయ్యి తీసి, ఆ చేత్తోనే ఫోన్ తీసుకుని ఆ మాట రాసుకున్నాడు. 'మూడు రెక్కలు' తర్వాతి ముద్రణలో అది అట్ట వెనక వచ్చింది.

"ఫ్యూజు పెట్టింది నువ్వు," అంది మార్త ఆ సాయంత్రం, మెహనాజ్‌తో. "పేరు ఆయనకొచ్చింది."

"పేరు ఆయన్ని తీస్కోనీ. బట్ట తియ్యి. ఇంకా చీకటి పళ్లే."

ఆ రోజు నుంచి తెల్లబట్ట మధ్యాహ్నం కూడా మిషన్ మీదే ఉంది. విమలమ్మ తిరిగి వచ్చింది. వచ్చిన నాడే, ఇంక తిరిగే ఫ్యానులో తన మీద ఏముందో ఎట్లా తెలిసేదని అడిగింది. "చలిపెడితే చెప్పు," అంది చాంద్‌బీ. బడి తెరవడానికి ముందే చివరి మూట ఆటోలో మల్కాజ్‌గిరి చేరింది. మేబెల్ చొక్కాలు విప్పి, వెలుతురులో పెట్టి చూసింది. మరకలు లేవు.

"వచ్చే ఏడాది కూడా మీకేనమ్మా," అంది. "కమిటీతో రాయించి పెట్టాను."

ఇంటికి వస్తూ మెహనాజ్ ఆటో ఆపించి అందరికీ మిర్చి బజ్జీలు కట్టించింది.

బడి తెరిచిన రెండో వారంలో, సైజులు సరిపోని చొక్కాలు ఏమైనా ఉంటే తెచ్చుకుందామని మెహనాజ్, మార్త మళ్లీ వెళ్లారు. ఇంటర్వెల్. పిల్లలు ఆవరణలో ఉన్నారు. అందరి ఒంటి మీదా కిందటేటి యూనిఫాంలే. కొందరికి చొక్కా చేతులు మోచేతుల దాకే ఉన్నాయి. నీలం గౌన్లు వెలిసి బూడిదరంగుకు వచ్చాయి.

మెహనాజ్ ఆఫీసు గదిలోకి వెళ్లింది. మేబెల్ కుర్చీ వెనక మూటలు ఉన్నాయి. తాను కట్టిన ముడి తాను కట్టినట్టే ఉంది.

"సైజులు సరిపోలేదా మేడం?"

"తొడిగి చూస్తే కదమ్మా తెలిసేది," అంది మేబెల్. ఆమె వాళ్ల వైపు చూడకుండా బల్ల మీది కాగితాలు సర్దింది. "మీ ఫ్యాన్ల వీడియో మా కమిటీ వాళ్లు చూశారు. దాత అంటే అలా ఉండాలన్నారు. యూనిఫాంలు ఆయన చేతుల మీదుగా పంచాలని తీర్మానం చేశారు."

"ఆయన కొనలేదు గద మేడం. ఆయన కుట్టింది సుత లేదు."

"ఇస్తారు."

"మరి ఎప్పుడంట?"

"డేట్ చూస్తున్నారట. సత్యదేవ్ గారని, రోజూ మాట్లాడుతున్నారు. అప్పటిదాకా మూటలు విప్పొద్దన్నారు. ఫోటోలో మడత నలగకూడదట."

కిటికీ బయట ఒక పిల్ల గౌను కిందికి లాక్కుంటూ పరుగెత్తింది.

"ఫంక్షన్ ఎక్కడ మేడం?" అని మెహనాజ్ అడిగింది.

"ప్రేయర్ హాల్‌లో."

"అండ్ల ఫ్యాన్లున్నయా?"

"ఉన్నాయి, ఆరు. బాగానే తిరుగుతాయి. ఎందుకమ్మా?"

మెహనాజ్ మార్త వైపు చూసింది.

"ఆ ఒక్క రోజు ఎయ్యకండి మేడం," అంది మార్త. "జల్ది ఇచ్చేస్తడు."